తడవని బూట్లు

దేవుడి మీద నాకు అనుమానం లేదు. ఆయన చేసిన ఒక పని మీద ఉంది. పెళ్ళైన నాటినుంచీ దాన్ని మోస్తున్నాను.

మనసుకి మరుపు ఇచ్చాడు. మంచి పనే చేశాడు, అది లేకపోతే మనిషి బతకలేడు. మరి ఒంటికి ఎందుకు ఇవ్వలేదు?

బయటినుంచి గొళ్ళెం పడ్డ చప్పుడు వింటే మా ఆవిడ ఎడమ చెయ్యి తనంతట తానే నెత్తి మీదికి పోతుంది. చేతిలో పాలగిన్నె ఉన్నా అంతే. ముందు గిన్నె కింద పడుతుంది, ఆ తర్వాత చెయ్యి పైకి లేస్తుంది. కొత్తలో అడిగాను, చిన్నప్పుడు ఎవరైనా గదిలో పెట్టి తలుపు వేశారా అని. "ఏమోనండీ, నాకేం గుర్తులేదు" అని నవ్వేసింది. అబద్ధం ఆడలేదు. ఆమెకి గుర్తులేనిది ఆమె చేతికి గుర్తుంది, అంతే. రోజూ ప్రార్థన ముగించే ముందు దేవుణ్ణి ఈ ఒక్కటీ అడిగి లేస్తాను. జవాబు రాలేదు. ఆయనకి పనులెక్కువ, నాకు ఓపికెక్కువ.

నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఆ ప్రశ్నే ఒక కేసులో నాకు సాక్షిగా వచ్చి నిలబడుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

కేసు తెచ్చినావిడ దెబ్బతిన్న అమ్మాయి తల్లి. ఆస్పత్రినుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది, చెప్పులు కూడా రెండు కాళ్ళకీ రెండు రకాలు.

"మా పిల్లని పెద్దకోచ్ చంపబోయిందని పోలీసులు అంటున్నారు. నేను నమ్మను. మీరు తేల్చండి" అంది.

"నమ్మకపోవడానికి కారణం?"

"పన్నెండేళ్ళుగా దాన్ని నాకంటే ఎక్కువ తిట్టింది ఆవిడే. చంపాలనుకున్న మనిషి అంత శ్రద్ధగా తిట్టదండీ."

కోర్టుకి చాలకపోవచ్చు గానీ నాకు చాలింది.

జరిగింది ఇది. ఊరి ఈతకొలనులో మొదటినుంచీ ఒక ఆనవాయితీ ఉంది. అందరికంటే బాగా ఈదేవాళ్ళు పొద్దున్నే ముందుగా లోతువైపు దూకి, అడుగున నీళ్ళు పీల్చే గొట్టానికి బిగించిన ఇనప జాలీని చేత్తో తాకి పైకి రావాలి. అప్పటిదాకా మిగతావాళ్ళు నీళ్ళలో కాలు పెట్టరు. మూడేళ్ళుగా ఆ గౌరవం ఈ అమ్మాయిది. మంగళవారం పొద్దున ఎప్పట్లాగే దూకింది. అయితే జాలీ బోల్టులు నాలుగూ ఎవరో విప్పేసి, జాలీని ఊరికే పైన ఆనించి ఉంచారు. చెయ్యి తగలగానే అది పక్కకి జరిగింది. మోటారు నడుస్తోంది. ఆ అమ్మాయి కుడిచెయ్యి మోచేతిదాకా గొట్టంలోకి పోయింది.

మోటారు గొంతు మారడం విని మోటారాయన స్విచ్ ఆపేశాడు. ఇద్దరు పెద్ద పిల్లలు దూకి పైకి లాగారు. ప్రాణం దక్కింది, మాట ఇంకా రాలేదు.

జాలీ కింద గుంటలో పెద్దకోచ్ ఇత్తడి విజిల్ దొరికింది. పక్కనే ఆమె బల్ల సొరుగులో ఉండే పానా. ఇక పోలీసులకి ఏం కావాలి?

పైగా ఆ పోలీసు మా బావమరిది. మా ఆవిడ తమ్ముడు. ఇస్త్రీ నలగకుండా దొంగని పట్టే ఇన్స్పెక్టర్ అని పేరు. నేను గుమ్మంలో కనబడితే మాత్రం ఆ ఇస్త్రీ కాస్త నలుగుతుంది.

"వచ్చావా బావా? ఇంట్లో కూరగాయలు తరిగే పని అయిపోయిందా?" అన్నాడు కొలను గేటు దగ్గరే.

"అయిపోయింది. మీ అక్క నిన్ను ఆదివారం భోజనానికి రమ్మంది."

"ఈలోగా అరెస్టు చేసి వస్తాలే. సాయంత్రంలోపల నీ పని చూసుకో."

సాయంత్రందాకా గడువు. నేను నేరుగా పెద్దకోచ్ గదికి వెళ్ళాను.

ఆమెని పిల్లలు గెడమ్మ అంటారు. చేతిలో ఎప్పుడూ రెండు నిలువుల పొడుగు గెడ ఉంటుంది. మునుగుతున్న పిల్లకి అందించాలన్నా, బద్ధకిస్తున్న పిల్లాణ్ణి పొడవాలన్నా అదే. అరవై దాటాయి, వెన్ను ఆ గెడలాగే ఉంది. పొట్టిచేతుల చొక్కా, కాళ్ళకి తెల్లటి కాన్వాసు బూట్లు. ఆ బూట్లు తడవడం ఎవరూ చూడలేదని ఊళ్ళో చెప్పుకుంటారు. నీళ్ళే ఆమెకి భయపడి పక్కకి పోతాయని పిల్లల జోకు.

నేను ఆమెకి ఒక బాకీ ఉన్నాను. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు ఇక్కడ చేర్పించాను. మొదటిరోజే రెండో మెట్టు మీద నిలబడిపోయి గజగజ వణికింది. పిల్లలు నవ్వారు. గెడమ్మ ఒక్క విజిల్ ఊది, "అందరూ గోడవైపు తిరగండి" అంది. నన్ను కూడా తిప్పింది. అందరి వీపులూ ఇటు తిరిగాక మా అమ్మాయితో మెల్లగా అనడం వినిపించింది: "ఇప్పుడు ఎవరూ చూడటంలేదు. ఏడుస్తావో, వణుకుతావో నీ ఇష్టం. అయ్యాక ఈ గెడ పట్టుకో." అరగంట గోడకున్న పెచ్చులు లెక్కపెట్టుకున్నాం. మేం ఇటు తిరిగేసరికి మా అమ్మాయి నడుంలోతు నీళ్ళలో ఉంది, ముక్కు చీదుకుంటూ నవ్వుతోంది.

కృతజ్ఞత చెప్పబోతే గెడమ్మ అడ్డం కొట్టింది. "బాకీ ఉంచుకోండి. నాకు అవసరమైనప్పుడు తీరుద్దురుగాని."

ఇరవై ఏళ్ళయింది. ఎప్పుడూ అడగలేదు.

"కూర్చోండి. మీ అమ్మాయి బాగుందా?" అంది ఇప్పుడు.

"బాగుందమ్మా. వంతెనలు కట్టే కంపెనీలో చేస్తోంది. నదుల మధ్యలో నిలబడే ఉద్యోగం."

ఆ కళ్ళలో ఒక మెరుపు మెరిసి ఆరింది. "సరే. అడగవలసింది అడగండి."

"సోమవారం సాయంత్రం పిల్లలు వెళ్ళాక ఎక్కడున్నారు?"

"ఈ గదిలో."

"ఎవరైనా చూశారా?"

"నా గదిలో నన్ను చూడటానికి టికెట్లు పెట్టలేదు."

"విజిల్, పానా ఆ సొరుగులోవేనా?"

"అవును. తాళం లేదు. ఇక్కడ దొంగలు లేరనుకున్నాను."

"ఆ సాయంత్రం నీళ్ళలోకి దిగారా?"

"దిగలేదు."

"దిగలేదని నేను ఎలా రుజువు చెయ్యాలి?"

"నేను చెప్పానని చెప్పండి."

"కోర్టుకి అది చాలదమ్మా."

"అయితే లోపం కోర్టుది."

గోడమీద పెద్ద ఫోటో ఉంది. ముప్పై ఏళ్ళు దాటిన ఫోటో. యువతిగా ఉన్న గెడమ్మ మెడలో పతకం, పక్కన ఎవరో పెద్దలు. పడవ మునిగినప్పుడు ఒంటిచేత్తో అయిదుగురిని ఒడ్డుకి చేర్చింది. ఆరో మనిషి భయంతో ఆమె మెడ పట్టుకుని అడుక్కి లాగేశాడు. ఎవరో జాలర్లు ఇద్దరినీ తీశారు, ఆమె ఒక్కతే బతికింది. ఆ సాహసానికి గుర్తుగానే ఊరు ఈ కొలను కట్టి ఆమె చేతిలో పెట్టింది.

"ఆ రోజు ఏం జరిగింది?" అన్నాను.

"పేపర్లో వేశారుగా."

"మీ నోట వినాలని."

"నేనూ పేపర్లోనే చదివాను" అంది ఫోటో వైపు చూడకుండా. "నాకు ఒడ్డున పడవ ఎక్కడం గుర్తుంది. ఆస్పత్రిలో పైకప్పు గుర్తుంది. మధ్యలోది వాళ్ళు చెప్పిందే."

నేను పాలగిన్నెని తలుచుకున్నాను. పైకి మాత్రం వేరే అడిగాను. "మీ కుర్చీ కోసం ఆ అమ్మాయి తొందరపడుతోందని, అది ఓర్చుకోలేక మీరు ఈ పని చేశారని మా బావమరిది అంటున్నాడు."

ఆమె మొదటిసారి నవ్వింది. "తొందరపెట్టింది నేను. వచ్చే నెలనుంచి ఈ కుర్చీ దానిది. కమిటీకి ఇంకా చెప్పలేదు."

"మరి ఎవరికి చెప్పారు?"

"ఒక్క చిన్నకోచ్‌కి. నా మొదటి శిష్యుడు. ముందు అతనికి చెప్పకపోతే చిన్నబుచ్చినట్టవుతుంది కదా."

"ఏమన్నాడు?"

"మంచి పని చేశావక్కా అన్నాడు. వెంటనే అన్నాడు."

"ఈ సంగతి ఇన్స్పెక్టర్‌కి చెప్పారా?"

"ఆయన అడగలేదు. నన్ను దిగావా, దిగావా అని తప్ప ఏమీ అడగలేదు. నేను దిగలేదు, దిగలేదు అన్నాను. అదేదో పిల్లల ఆటలా ఉంది."

చేతులు కడుక్కుంటానని ఆమె స్నానాలగదిలోకి వెళ్ళాను. అలవాటుగా నాలుగువైపులా చూశాను. పైన షవర్ ఉండవలసిన చోట వట్టి గొట్టం మూతి, దానికి బిగించి కొట్టిన చెక్కబిరడా. కింద బకెట్టు, చిన్న చెంబు, పీట. అలమరలో మడతలు పెట్టిన పొడి తువ్వాళ్ళ దొంతర, పక్కనే తలకి రాసుకుని తుడిచేసే పొడి డబ్బా. నెత్తిన నీళ్ళు పోసుకునే మనిషి వాడే గది కాదది.

కుళాయి కట్టేసి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఊరంతటికీ ఈత నేర్పిన మనిషి గది ఇది.

బయట కొలను గట్టున బల్లమీద పోలీసులు సామాను పరిచారు. పాత జాలీ, బోల్టులు, పానా, విజిల్. కొలనులో ఇప్పుడు కొత్త జాలీ బిగించి ఉంది. పెద్ద పిల్లలు అటూ ఇటూ ఈదుతున్నారు, పోటీలు దగ్గరపడ్డాయి మరి. గెడమ్మ తన చోట నిలబడింది. అప్పుడొకటి గమనించాను. ఎదర లోతువైపు నీళ్ళు దద్దరిల్లేలా కాళ్ళు ఆడించే పిల్లలు, ఆమె నిలబడ్డ గట్టు దగ్గరపడగానే కాళ్ళు ఆపేసి, ఆకు తేలినట్టు మెల్లగా వచ్చి గట్టు తాకి వెనుదిరుగుతున్నారు. ఒక్క చుక్క పైకి ఎగరడంలేదు. ఏం క్రమశిక్షణ అనుకున్నాను.

ఇంతలో కానిస్టేబుల్ జాలీని తొట్టిలో కడగబోయి దభీమని జారవిడిచాడు. నీళ్ళు ఎగిరి గెడమ్మ చెంపమీద, చెవిమీద పడ్డాయి.

పక్కనున్నవాళ్ళందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఆమె వెయ్యలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఊపిరి లేదు. గెడమీద వేళ్ళు సున్నంలా తెల్లబడ్డాయి. ఎవరో మెడ వెనక చెయ్యి వేసినట్టు భుజాలు చెవులదాకా లేచాయి. పెదవులు మాత్రం కదులుతున్నాయి, లెక్క పెట్టుకుంటున్నట్టు. తర్వాత ఊపిరి వచ్చింది.

"ఏం నాయనా, అన్నం తినలేదా? చేతుల్లో బలం లేదా?" అని కానిస్టేబుల్‌ని కసిరింది. గొంతులో వణుకు లేదు. ఎన్నేళ్ళ సాధనో అది.

నాకు ఇక అనుమానం లేదు. నెత్తిన చెంబెడు నీళ్ళు పోసుకోలేని మనిషి మూడు నిలువుల లోతుకి దిగి నాలుగు బోల్టులు విప్పలేదు. ఆమె నోరు తెరిచి ఒక్కమాట చెబితే ఈ కేసు ఆ క్షణమే తేలిపోతుంది. ఆమె చెప్పదు. జైలుకైనా పోతుంది గానీ, నీళ్ళంటే నాకు భయం అని ఆ పిల్లల ముందు అనదు. ఆ గర్వాన్ని పట్టుకునే ముప్పై ఏళ్ళు నిటారుగా నిలబడింది. దాన్ని లాక్కుని ఆమెని విడిపించడం నాకిష్టంలేదు. వేరే దారి వెతకాలి.

మోటారు గది మెట్లు దిగాను. మోటారాయన నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"సోమవారం సాయంత్రం మోటారు నడిపారా?"

"లేదు సార్. ఆరింటికి ఆపితే మళ్ళీ పొద్దున్నే." కాస్త తటపటాయించాడు. "అంటే, బెల్టు మార్చాను. ఎలా ఉందో చూద్దామని ఏడుంపావుకి ఒక్కసారి వేసి ఆపేశాను. దాన్ని నడపడం అనరుగా."

"బాగా తిరిగిందా?"

"ఎక్కడ సార్. వెయ్యగానే గొంతు పట్టేసింది, ఏదో అడ్డం పడ్డట్టు. బెల్టు సరిగ్గా కూర్చోలేదనుకుని కట్టేశాను."

"పొద్దున ఆ అమ్మాయి చెయ్యి ఇరుక్కున్నప్పుడు ఎలా పట్టేసింది?"

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. "అచ్చం అలాగే" అన్నాడు నెమ్మదిగా.

పైకి వచ్చేసరికి బావమరిది కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పక్కన చిన్నకోచ్ నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, ఎత్తుగా, అందంగా ఉన్నాడు. మెడదాకా జిప్పు లాగిన పొడుగుచేతుల జాకెట్. ఆ ఉక్కకి నా చొక్కా వీపుకి అతుక్కుపోతోంది.

"అక్క అలా చేసిందంటే నేనింకా నమ్మలేకపోతున్నానండీ" అన్నాడు నాతో. "కానీ అంత లోతులో, అంతసేపు ఊపిరి బిగబట్టి పనిచెయ్యడం మామూలువాళ్ళవల్ల కాదు. ఆవిడంటే నీళ్ళలో పుట్టిన మనిషి."

"మీరు ఎప్పుడైనా చూశారా, ఆవిడ ఈదడం?"

"చూడాలా? ఆ ఫోటో చాలదూ?"

బావమరిదిని పక్కకి పిలిచాను. మోటారాయన మాట చెప్పాను. "సోమవారం ఏడుంపావుకి ఆ జాలీ దగ్గర ఒక మనిషి ఉన్నాడు. అతని చెయ్యో కాలో గొట్టంలో పడింది. గుర్తు ఉండి తీరుతుంది. పెద్దకోచ్ చేతులు చూడు, మోచేతులదాకా ఒక్క గీత లేదు."

"కాలు కావచ్చు. తువ్వాలు కావచ్చు. బెల్టే కావచ్చు." వేళ్ళు ముడిచాడు. "బావా, నీ దగ్గర మోటారు గొంతు ఉంది. నా దగ్గర విజిల్ ఉంది. ఏది గట్టిది?"

"సొరుగులో వస్తువు ఎవరైనా తీసుకెళ్ళి పెట్టొచ్చు. ఒంటిమీద గుర్తు ఎవరూ తెచ్చి పెట్టలేరు. ఆ సమయంలో అంత భయపడ్డ ఒళ్ళు దాన్ని దాచిపెట్టుకోలేదు. మీ అక్కని చూడలేదా నువ్వు?"

అతని మొహం మారింది. "అక్క ఊసెందుకు ఇక్కడ?" అన్నాడు, మరీ గట్టిగా. తర్వాత గేటువైపు చూస్తూ చొక్కా సర్దుకున్నాడు.

అటునుంచి ఆ అమ్మాయి తల్లి పరుగులాంటి నడకతో వస్తోంది. "లేచింది. కళ్ళు తెరిచింది" అంది గెడమ్మని పట్టుకుని. అంతలోనే ఏడుపు. "మాట లేదు. నర్సు మొహం తుడుద్దామని తడిగుడ్డ తెచ్చిందో లేదో, కుడిచెయ్యి గుండెలకి హత్తుకుని మంచం దిగి పారిపోబోయింది. ఇక ఈత మాటెత్తకండి అన్నాడు డాక్టరు. ఈదకపోతే అది ఏమైపోతుంది కోచమ్మా?"

"ఈదుతుంది" అంది గెడమ్మ. "ఎవరూ దానికి ధైర్యం చెప్పకండి. తడిగుడ్డ చూపించకండి. నేను వచ్చేదాకా దాన్ని దాని మానాన వదిలెయ్యండి. ఏం చెయ్యాలో నాకు తెలుసు."

"మీరు ఎక్కడికీ వెళ్ళరు" అన్నాడు బావమరిది. "కావాలంటే ఒక అవకాశం ఇస్తాను. దిగండి. అడుగుదాకా వెళ్ళి ఒక్క బోల్టు బిగించి రండి. ఎంతసేపు పడుతుందో చూస్తాను. అంతసేపు ఊపిరి పట్టలేరని తేలితే నేనే వదిలేస్తాను. దిగనంటే ఒప్పుకున్నట్టే."

ఇది ఉచ్చు అని అతనికే తెలియదు. దిగితే చచ్చిపోతుంది, దిగకపోతే దోషి.

కొలనులో పిల్లలందరూ ఎప్పుడు గట్టెక్కారో, వరసగా నిలబడి ఉన్నారు.

గెడమ్మ వాళ్ళని చూసింది. ఆ తల్లిని చూసింది. గెడ తెచ్చి నా చేతికిచ్చింది. వంగి బూట్ల ముళ్ళు విప్పింది.

"అమ్మా, వద్దు" అన్నాను.

"ఆ పిల్ల దగ్గరికి నేను వెళ్ళాలి" అంది.

మొదటి మెట్టు. రెండో మెట్టు. మూడో మెట్టు మీద నీళ్ళు నడుం తాకాయి. ఆమె భుజాలు లేవడం మొదలైంది.

"నేను పక్కనే ఉంటా అక్కా, భయపడకు" అంటూ చిన్నకోచ్ కూడా దిగాడు. జాకెట్‌తోనే దిగాడు. ఇరవై అయిదేళ్ళుగా ఈత తప్ప ఇంకేం చెయ్యని మనిషి, జిప్పు మెడదాకా లాక్కుని నీళ్ళలోకి దిగాడు.

కుడిచెయ్యి గుండెలకి హత్తుకుని పారిపోబోయిందన్న ఆ తల్లి మాట నా చెవిలో ఇంకా ఉంది. మోటారు గది మెట్లమీద నిలబడ్డ మోటారాయనకి, మోటారు వెయ్యమని చెయ్యి ఊపాను.

కాళ్ళకింద నేల ఒకసారి గుమ్మంది. పొద్దున్నుంచీ ఆపి ఉన్న మోటారు అందుకుంది. రోజూ అందరూ వినే చప్పుడే. పిల్లల్లో ఒక్కరూ తల తిప్పలేదు. మా బావమరిది తిప్పలేదు.

చిన్నకోచ్ కుడిచెయ్యి నీళ్ళలోంచి ఎగిరి గుండెలమీద పడింది. ఎడమచెయ్యి దాని మణికట్టుని గట్టిగా పట్టుకుంది. మనిషి వెనక్కి తడబడి, గట్టుకి వీపు కొట్టుకుని, నోరు తెరుచుకుని ఆయాసపడుతున్నాడు. తను ఏం చేశాడో అతనికి ఇంకా తెలియలేదు. పాలగిన్నె కిందపడ్డాక మా ఆవిడ మొహం కూడా అలాగే ఉంటుంది.

"మోటారు కట్టెయ్" అని కేకవేశాను. "చిన్నకోచ్ గారూ, ఆ జాకెట్ విప్పండి."

"చలి" అన్నాడు.

మా బావమరిదిలో నాకు నచ్చని గుణాలు చాలా ఉన్నాయి, కానీ కళ్ళముందు పడ్డదాన్ని వదిలే రకం కాదు. ఇస్త్రీ ప్యాంటుతో, బూట్లతో నీళ్ళలోకి దిగేశాడు. జిప్పు లాగి కుడిచెయ్యి బయటికి తీశాడు. మోచేతికి కాస్త కింద, కంకణం తొడిగినట్టు చుట్టూ నల్లటి కమిలిన గుర్తు. దాని కిందంతా వంకాయరంగు.

"ఇది ఎక్కడిది?"

"బరువులెత్తుతుంటే..."

"ఆ పాత జాలీ పట్రా" అన్నాడు బావమరిది కానిస్టేబుల్‌తో. "గొట్టం కొలత కూడా. గుర్తు పక్కన పెట్టి చూద్దాం."

ఆ జాలీ తన దగ్గరికి రాకముందే చిన్నకోచ్ మాట్లాడేశాడు. "ఇరవై అయిదేళ్ళు ఆవిడ వెనక నిలబడ్డాను. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకి కుర్చీ ఇస్తానని, అదీ నాతోనే చెబుతుందా? ఆవిడ తప్ప అంత లోతుకి ఎవరు దిగుతారు? అందరూ అదే అనుకుంటారనుకున్నాను."

సరిగ్గా అక్కడే తప్పాడు. మొదటి శిష్యుడై ఉండి, ఎప్పుడూ ముందుకి ఈదడమే తప్ప, తనకి నేర్పిన మనిషి గట్టుమీద ఎలా నిలబడుతుందో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు. ఆ మాట పైకి అనలేదు నేను. అనవలసిన అవసరం ఇక లేదు.

అతన్ని గట్టెక్కించారు. బావమరిది నీళ్ళు కారే ప్యాంటుతో నా దగ్గరికి వచ్చాడు. "మరి ఆవిడ ఏమిటి బావా, ఇంకా అక్కడే..."

గెడమ్మ మూడో మెట్టు మీదే ఉంది. ఊపిరి లేదు. కళ్ళు తెరిచి ఉన్నాయి. కిందికి దిగలేదు, పైకి రాలేదు. ఎప్పుడో మునిగిపోయినవాడి చేతులు ఇప్పటికీ ఆమె మెడ వదల్లేదు. పెదవులు లెక్కపెట్టడం కూడా మానేశాయి. గట్టుమీద ఊరి పిల్లలందరూ.

నా చేతిలో గెడ ఉంది. ఏం అనాలో ఆలోచించుకోలేదు. ఇరవై ఏళ్ళ కిందట విన్న మాట నా నోట్లో సిద్ధంగా ఉంది.

"అందరూ గోడవైపు తిరగండి."

ఒక్కసారిగా వీపులన్నీ ఇటు తిరిగాయి. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆ తల్లి తిరిగింది. కానిస్టేబుల్ తిరిగాడు. బావమరిది నన్నొకసారి చూశాడు, అదేదో తనకీ తెలిసిన విషయమే అన్నట్టు. "మా అక్కని ఆ గదిలో పెట్టినప్పుడు నేను బయటే ఉన్నాను బావా, నాకు అయిదేళ్ళు. ఆదివారం చెబుతా" అని గొణిగి, గోడవైపు తిరిగాడు.

నేను మెట్ల దగ్గర మోకాళ్ళమీద కూర్చుని గెడ చాపాను. "ఎవరూ చూడటంలేదమ్మా. వణుకుతారో ఏం చేస్తారో మీ ఇష్టం. అయ్యాక ఇది పట్టుకోండి" అని, నేనూ తల పక్కకి తిప్పుకున్నాను.

ఎంతసేపో తెలియదు. గెడ బరువెక్కింది. రెండో మెట్టు. మొదటి మెట్టు. తడి పాదాలు గట్టుమీద పడ్డ చప్పుడు.

"ఎప్పుడు తెలిసింది?" అంది నా పక్కన, ఇంకా ఊపిరి అందకుండానే.

"మీ స్నానాలగదిలో."

"ఎవరికి చెప్పారు?"

"మా ఆవిడకి కూడా చెప్పలేదు. చెప్పను."

గోడ దగ్గరనుంచి ఒక సన్నటి గొంతు వచ్చింది, పదేళ్ళు ఉంటాయేమో. "ఇక తిరగచ్చా కోచమ్మా?"

ఇంకో పెద్దపిల్ల గొంతు దాన్ని కసిరింది. "ఊరుకోవే. ఆవిడ చెప్పినప్పుడు తిరగాలి."

"అది కాదక్కా, మనకి తెలుసని చెప్పెయ్యొచ్చు కదా. పాపం ఎందుకు దాచుకోవడం?"

గెడమ్మ కదల్లేదు. "ఏం తెలుసు?" అంది.

ఆ పెద్దపిల్లే గోడకేసి చూస్తూ చెప్పింది. "మీకు నీళ్ళు పడవని. మీ వైపు వచ్చేటప్పుడు కాళ్ళు ఆడించకూడదని కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే నేర్పుతాం కోచమ్మా. మాకు ముందువాళ్ళు మాకు నేర్పారు. వాళ్ళకి వాళ్ళ ముందువాళ్ళు. ఇన్స్పెక్టర్ గారు మమ్మల్నీ అడిగారు. మీరు చెప్పనిది మేం ఎలా చెబుతాం?"

నేను తల వంచుకున్నాను. క్రమశిక్షణ అనుకున్నాను నేను. ఎన్ని తరాల పిల్లలు, ఒకరి చెవినుంచి ఒకరి చెవికి, ఒక్క చుక్క పైకి ఎగరనివ్వకుండా మోసుకొచ్చిన మాట అది. మా అమ్మాయి కూడా అందులో ఉండే ఉంటుంది. నాకు ఇరవై ఏళ్ళలో ఒక్కసారి చెప్పలేదు. ఆ సాయంత్రం నాకు మా అమ్మాయి మీద కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. దేవుడు ఒంటికి మరుపు ఎందుకు ఇవ్వలేదో ఇప్పటికీ నాకు తెలియదు. పక్కనున్నవాళ్ళు చూసి తెలుసుకుంటారని ఏమో. అడుగుతాను, ఇంకా ఓపిక ఉంది.

గెడమ్మ గట్టుమీద కూర్చుని పొడి బూట్లు తడి కాళ్ళకి తొడుక్కుంది. అవి మొదటిసారి తడిశాయి. ముళ్ళు వేసుకుని లేచి, నా చేతిలోంచి గెడ తీసుకుంది. వెన్ను మళ్ళీ గెడలా అయింది.

"ఇటు తిరగండి" అంది.

అందరూ తిరిగారు. ఆమె వాళ్ళని చివరినుంచి చివరిదాకా చూసింది. బల్లమీది విజిల్ అందుకుని మెడలో వేసుకుంది. మా బావమరిది అడ్డు చెప్పలేదు.

"కాళ్ళు ఆడించండి ఇకనుంచి. నేను ఒక అడుగు వెనక నిలబడతాను. పోటీలు వస్తున్నాయి, ఇదేం ఈత, ఆకులు తేలినట్టు" అంది. తర్వాత ఆ తల్లి చెయ్యి పట్టుకుంది. "పదమ్మా. నా కథ దానికి నేనే చెప్పాలి."

గేటు దగ్గర ఆగి నా వైపు తిరిగింది.

"ఆ రోజు మీ అమ్మాయికి నేను అరగంట ఇచ్చాను. మీరు నాకు పది నిమిషాలు కూడా ఇచ్చినట్టు లేదు."

"మీరు త్వరగా నేర్చుకున్నారమ్మా" అన్నాను.

"సరే" అంది గెడమ్మ. "చెల్లు."